బండి లాగడం లేదు, ఒంట్లో ఓపిక లేదు



వైద్యవృత్తిలో ఉన్నన్నాళ్లూ నేను ఎక్కువగా విన్న ఫిర్యాదు నొప్పీ కాదు, జ్వరమూ కాదు. ‘ఒంట్లో ఓపిక ఉండడం లేదండీ’ అన్న మాట. ఏ మెకానిక్ షెడ్డులోనైనా ఒక పూట కూర్చుంటే దీనికి సరిజోడైన మాట మీకూ వినబడుతుంది: ‘బండి లాగడం లేదు.’ రెండూ లక్షణాన్ని చెప్పే మాటలే గాని జబ్బు పేర్లు కావు. అయినా ఆ మాట చెవిన పడగానే టానిక్కు రాసిచ్చే వైద్యులకూ, కార్బొరేటర్ మార్చేద్దామనే మెకానిక్కులకూ మన దగ్గర కొదవ లేదు. ‘పాతబడింది కదా, అంతే’ అనేవారు ఇంకా ఎక్కువ. ఈసారి నా పాత కారు గురించి కొంచెం వివరంగా రాస్తున్నాను. ఆరోగ్యం గురించి రాయవలసిన చోట కారు గోలేమిటని విసుక్కోకుండా చివరిదాకా చదవమని మనవి.

నాది 1996 నాటి మారుతి 800. 796 సీసీల ఇంజన్, మూడు సిలిండర్లు, నాలుగు గేర్లు, కార్బొరేటర్. కంప్యూటరు లేదు, తప్పును తానే చెప్పే దీపమూ లేదు. ఇలాంటి బండికి జబ్బు చేస్తే నాడి పట్టుకుని చూడవలసిందే. శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కేటప్పుడు ఒకప్పుడు మూడో గేరులో పోయిన మలుపులకు రెండో గేరు వేయవలసి వచ్చింది. కొన్నాళ్లకు రెండో గేరులోనూ ఇంజన్ మూలుగుతోందే గాని బండి కదలడం లేదు. ఒక షెడ్డులో బానెట్ ఎత్తి రెండు నిమిషాలు విని, ఇంజన్ దించాలి, బోరు చేయించాలి అన్నారు. చెప్పిన ఖర్చు ఆ కారు అమ్మితే వచ్చే ధరకు దగ్గరలో ఉంది. ఏమీ కొలవకుండా ఇచ్చిన తీర్పు నాకు నచ్చలేదు. విజయనగరంలో నలభై ఏళ్లుగా పెట్రోలు బండ్లు మాత్రమే చూస్తున్న ఒక మేస్త్రిగారి దగ్గరకు తీసుకుపోయాను.

ఆయన బానెట్ ఎత్తలేదు. స్టూలు మీద కూర్చుని అడగడం మొదలుపెట్టారు.

“ఎప్పట్నుంచండీ? ఒక్క రోజులో వచ్చిందా, రానురాను వచ్చిందా? చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా? అన్ని గేర్లలోనా? పొగ ఏ రంగు వస్తంది? ఆయిల్ ఎన్నాళ్లకి పోస్తన్నారు?”

ఈ ప్రశ్నలు వింటుంటే వార్డులో విద్యార్థుల చేత కంఠస్థం చేయించిన రోజులు గుర్తుకొచ్చాయి. ఒక్క రోజులో బలం పోతే ఒక దారి: తీగె ఊడింది, టైమింగ్ బెల్టు ఒక పన్ను జారింది, పెట్రోలులో నీళ్లు చేరాయి. నెలల తరబడి తగ్గుతూ వస్తే మరో దారి: ఏదో అరుగుతోంది, ఏదో పూడుతోంది, ఎక్కడో కారుతోంది. వేడెక్కాక మాత్రమే వస్తే ఇంకొకటి. చరిత్ర సరిగా అడిగితే సగం కారణాలు అక్కడికక్కడే తప్పుకుంటాయి. నా జవాబులివి: ఆరు నెలలుగా, కొద్దికొద్దిగా, ఎత్తు ఎక్కేటప్పుడు, చలిలోనూ వేడిలోనూ ఒకలాగే, నీలిపొగ లేదు, ఆయిల్ తరగడం లేదు. చివరి రెండు జవాబులతోనే, బోరు అరిగిందన్న మొదటి షెడ్డువారి మాటకు బలం తగ్గిందని మేస్త్రిగారు అన్నారు. బోరు, రింగులు అరిగిన ఇంజన్ సాధారణంగా ఆయిల్ తాగుతుంది, నీలిపొగ వదులుతుంది.

ఇంకో మాట కూడా అడిగారు. కొండ మీద అందరి బండ్లూ కొంత నీరసిస్తాయి కదా, మీరు దేనితో పోలుస్తున్నారని. అరకు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ గాలి దాదాపు పదో వంతు పలచబడుతుంది, ఇలాంటి ఇంజన్ బలం కూడా ఆ మేరకు తగ్గుతుంది. అందువల్ల పక్కవాడి కొత్త కారుతో పోల్చి లాభం లేదు. అదే బండి, అదే మలుపు, ఏడాది క్రితం ఏ గేరు? నిజమైన కొలత అది.

తర్వాత ఆయన చేసిన పని నాకు మరీ నచ్చింది. “ముందు బండిని తోసి చూద్దామండి” అన్నారు. చదునైన నేల మీద గేరు తీసి, హ్యాండ్ బ్రేకు దించి, ఒక కుర్రవాడి చేత తోయించారు. తేలిగ్గా దొర్లితే సరే, బరువుగా కదిలితే బ్రేకులు పట్టి ఉన్నట్టు. కాసేపు నడిపి వచ్చాక నాలుగు చక్రాల మధ్యభాగాలకు చేయి దగ్గరగా పెట్టి చూశారు. ఒకటి మిగతావాటికంటే వేడిగా ఉంటే బ్రేకు వదలడం లేదని అర్థం. టైర్లలో గాలి చూశారు. క్లచ్ జారుతోందేమో చూడడానికి మూడో గేరులో 40 కిలోమీటర్ల వేగాన ఎక్సలేటర్ గట్టిగా తొక్కమన్నారు. ఇంజన్ చప్పుడు పెరిగి వేగం పెరగకపోతే దోషం క్లచ్ ప్లేటుది. నా బండిలో చప్పుడు కూడా పెరగలేదు. డిక్కీ తెరిచి అందులోని పాత పత్రికల కట్టలను చూసి ఏమీ అనలేదు గాని, కుర్రవాడికి సైగ చేసి దింపించారు.

ఇక్కడ ఒక నిమిషం ఆగుదాం. ఓపిక లేదని వచ్చిన మనిషిలోనూ ముందు చూడవలసినది ఇదే: ఇంజన్ బాగానే ఉండి బ్రేకు పట్టి ఉందా? రక్తపోటుకు వాడే అటెనొలాల్, మెటొప్రొలాల్ వంటి మందులు గుండె వేగానికి నిజంగానే బ్రేకులు. అవసరం ఉండే ఇస్తాము. కాని మోతాదు ఆ మనిషికి ఎక్కువైతే మెట్లెక్కేటప్పుడు పెరగవలసిన నాడి పెరగదు, కాళ్లు బరువెక్కుతాయి. నిద్రమాత్రలు, జలుబుకని నెలల తరబడి మింగే మాత్రలు కూడా మనిషిని ఈడ్చుకుపోయేలా చేస్తాయి. మోకాళ్ల నొప్పితో నడవలేకపోవడాన్ని కూడా కొందరు నీరసం అనే చెబుతారు. ఇది చదివి మీ మాత్రలు మీరే ఆపేయకండి. ఈ బ్రేకులను హఠాత్తుగా వదిలేస్తే గుండెనొప్పి, ఒక్కోసారి గుండెపోటు వచ్చే ప్రమాదం ఉంది. మందుల అట్టలన్నీ ఒక సంచీలో వేసుకుని మీ డాక్టరు దగ్గరకు వెళ్లి చూపించండి, అది చాలు.

బ్రేకులు, క్లచ్ తప్పుకున్నాక బానెట్ లేచింది. పెట్రోలు ఇంజన్‌కు కావలసినవి గాలి, పెట్రోలు, నిప్పురవ్వ, ఆ మూడూ కలిసి పేలేటప్పుడు కావలసిన ఒత్తిడి. ఖర్చు లేని పరీక్షలు ముందు. ఎయిర్ ఫిల్టర్ తీసి వెలుతురుకు ఎదురుగా పట్టి చూశారు. నన్ను ఎక్సలేటర్ పూర్తిగా తొక్కమని, కార్బొరేటర్ లోపలి రేకు పూర్తిగా తెరుచుకుంటోందా అని టార్చి వేసి చూశారు. పాత బండ్లలో తీగె సాగిపోయి, లేదా కాళ్ల కింద వేసుకున్న మందపాటి పట్టా అడ్డుపడి, మనం పూర్తిగా తొక్కుతున్నామనుకున్నా ముప్పాతికే తెరుచుకోవడం కద్దట. చోక్ పట్టి ఉండిపోయిందేమో చూశారు. పెట్రోలు ఫిల్టర్ మార్చారు. పంపు నుంచి వచ్చే ధారను సీసాలో పట్టి చూశారు. ఇప్పుడు మన బంకుల్లో వచ్చే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. లీటరుకు లీటరు చూస్తే దానిలో ఉండే శక్తి పెట్రోలుకంటే మూడో వంతు తక్కువ. పైగా అది తేమను పీల్చుకుంటుంది, పాతకాలపు రబ్బరు గొట్టాలను దెబ్బతీస్తుంది. అందుకని ఆ గొట్టాలను ఒక్కొక్కటే వేళ్లతో నొక్కి చూశారు. డిస్ట్రిబ్యూటర్ మూత విప్పారు, టైమింగ్ దీపం పెట్టి చూశారు. అంతా సవ్యంగానే ఉంది.

ప్లగ్గులు విప్పి వరుసగా ఒక గుడ్డ మీద పేర్చారు. మేము నాలుక చాపమన్నట్టే మెకానిక్కులకు ప్లగ్గు చూడడం. లేత గోధుమరంగు ఆరోగ్యం. పొడి మసి ఉంటే పెట్రోలు ఎక్కువ పడుతోంది. సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటే ఇంజన్ విపరీతంగా కాగుతోంది. జిడ్డుగా ఉంటే ఆయిల్ ఎక్కివస్తోంది. నా మూడింటిలో రెండు గోధుమరంగులో ఉన్నాయి. మూడోది తడిగా, నల్లగా. ప్లగ్గులు మళ్లీ బిగించి, ఇంజన్ నడుస్తుండగా రబ్బరు పిడి ఉన్న పటకారుతో ఒక్కొక్క ప్లగ్గు తీగెనూ పీకి పెట్టారు. మొదటిది పీకితే ఇంజన్ కుంటింది. రెండోది పీకినా కుంటింది. మూడోది పీకితే పెద్ద తేడా తెలియలేదు. అంటే ఆ సిలిండర్ అంతకుముందే సగం సెలవులో ఉంది. మూడు ఎద్దులు కట్టిన బండిలో ఒకటి నడుస్తోంది గాని లాగడం లేదు. మైదానంలో అది బయటపడలేదు, ఘాట్‌లో బయటపడింది. గుండె, రక్తం, ఊపిరితిత్తుల జబ్బులూ ఇంతే. కుర్చీలో కూర్చున్న మనిషిలో కనబడవు, రెండో అంతస్తు మెట్ల మీద కనబడతాయి.

తర్వాత సైలెన్సర్ చివర ఒక చిన్న కాగితం ముక్క పట్టుకోమన్నారు. ఆరోగ్యంగా ఉన్న ఇంజన్ ముందు కాగితం సమానంగా బయటికే కొట్టుకుంటుంది. నా చేతిలోది ఉండి ఉండి గొట్టం వైపు లోపలికి పీల్చుకుపోయింది. పొగ వెళ్లే వాల్వు సరిగా మూసుకోవడం లేదనడానికి అది పాతకాలపు గుర్తు. వాక్యూమ్ గేజ్ తగిలిస్తే సూది నిలకడగా ఉండక, లయ తప్పకుండా ఒక్కొక్క దెబ్బకు కిందికి పడుతోంది. వేలి కింద నాడి ఒక్కో దెబ్బ తప్పుతున్నట్టుగా ఉంది.

ఇంజన్ నడిపించి చేసే ఈ పరీక్షలన్నీ ఆయన ఆరుబయటే చేశారు. వైద్యుడిగా ఇక్కడ నేను గట్టిగా చెప్పవలసిన మాట ఒకటి ఉంది. కార్బొరేటర్ బండ్ల పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువ. దానికి రంగూ వాసనా లేవు. రక్తంలోని హీమోగ్లోబిన్‌ను ప్రాణవాయువుకంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా అది పట్టుకుంటుంది. సైలెన్సర్‌కు చిల్లు పడిన పాత కారులో కూర్చున్నవారికి తలనొప్పి, వికారం వస్తుంటే కడుపులో తిప్పడమని కొట్టిపారేయకండి, అద్దాలు దించి కారు ఆపి బయటికి రండి. వేలికి పెట్టుకునే ఆక్సీమీటరు ఈ విషాన్ని ప్రాణవాయువుగానే పొరబడి మంచి అంకె చూపిస్తుంది, దాన్ని నమ్మకండి. మూసిన షెడ్డులో ఇంజన్ వేడి చేయడం ప్రాణాంతకం.

చివరికి కంప్రెషన్ కొలిచారు. ఇంజన్ వేడిగా ఉండగా ప్లగ్గులన్నీ తీసి, ఎక్సలేటర్ పూర్తిగా తొక్కి, సెల్ఫ్ కొట్టాలి. మొదటి సిలిండర్ 165 పి.ఎస్.ఐ., రెండోది 160, మూడోది 95. మూడోదానిలో చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ కొలిస్తే 100. రింగులు అరిగి ఉంటే ఆ ఆయిల్ సందును పూడ్చి అంకె బాగా లేచేది. లేవలేదు గనుక గాలి కింది నుంచి కారడం లేదు, పైనున్న వాల్వు నుంచే పోతోంది. హెడ్ గాస్కెట్ పోతే సాధారణంగా పక్కపక్క సిలిండర్లు రెండూ పడిపోతాయి, లేదా రేడియేటర్‌లో బుడగలు వస్తాయి. అవీ లేవు.

“టాపెట్ సౌండ్ బొత్తిగా లేదంటేనే నాకు అనుమానం వచ్చిందండీ” అన్నారు మేస్త్రిగారు.

చప్పుడు లేని ఇంజన్ మంచిదని నేను మురిసిపోతూ వచ్చాను. అసలు సంగతి వేరు. వాల్వుకూ దాన్ని తొక్కే టాపెట్‌కూ మధ్య వెంట్రుకకు కాస్త మించిన సందు ఉండాలి. వేల కిలోమీటర్ల పాటు కొట్టుకుని కొట్టుకుని వాల్వు తన సీటులోకి దిగిపోతూ ఉంటే ఆ సందు తరుగుతుంది. చప్పుడు తగ్గుతుంది. సందు పూర్తిగా పోయిన నాడు వాల్వు మూసుకోవలసిన సమయానికి పూర్తిగా మూసుకోదు. పొగ వాల్వు తన వేడిని సీటును తాకినప్పుడే వదిలించుకోగలదు. తాకకపోతే అంచు మాడిపోతుంది. మా వృత్తిలోనూ దీనికి పోలిక ఉంది. వయసు మీద బృహద్ధమని కవాటం సన్నబడేటప్పుడు స్టెతస్కోపులో గరగరమని శబ్దం వినిపిస్తుంది. జబ్బు బాగా ముదిరి గుండె అలసిపోయాక ఆ శబ్దం కొందరిలో తగ్గిపోతుంది. శబ్దం తగ్గింది గదా అని సంతోషించే వైద్యుడు రోగికి అన్యాయం చేసినవాడవుతాడు.

హెడ్ విప్పితే మూడో సిలిండర్ పొగ వాల్వు అంచున బియ్యపుగింజంత మేర కాలిపోయి ఉంది. కొత్త వాల్వు వేసి, సీట్లు రుద్ది, కొత్త గాస్కెట్‌తో బిగించి, టాపెట్లు సరిచేశారు. మొదట చెప్పిన అంచనాలో నాలుగో వంతు కూడా కాలేదు. బోరు చేయించి ఉంటే డబ్బు పోయేది. నేనింత వివరంగా రాయడానికి కారణం డబ్బు కాదు.

ఆ రోజుల్లోనే మా వీధిలో ఉండే ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు నన్ను కలిశారు. 67 ఏళ్లు. ఆయన అనుమతితోనే రాస్తున్నాను, పేరు మాత్రం వద్దన్నారు. ఎనిమిది నెలలుగా ఓపిక ఉండడం లేదు. ఈ వయసులో మామూలేనని ఒకచోట చెప్పారు. మరొకచోట వారానికొక ‘బలం సెలైన్’ ఎక్కించారు, బి కాంప్లెక్స్ సూదులు పొడిచారు. ఎక్కించిన రోజు హాయిగా ఉండేదట, మూడో రోజుకు మళ్లీ మామూలే. చెప్పవలసిన మాట చెప్పాలి: ఆ సీసాలో ఉన్నవి నీళ్లు, ఉప్పు, కొంత చక్కెర. బలం లేదు.

నేనడిగిన ప్రశ్నలు మేస్త్రిగారివే. ఎప్పటినుంచి? ఒక్కసారిగానా, రానురానా? నేల మీద నడిస్తేనా, ఎక్కితేనా? ఆగిపోయేది ఆయాసం వల్లనా, కాళ్ల నొప్పి వల్లనా? పోయిన సంక్రాంతికి చేయగలిగి ఈ సంక్రాంతికి చేయలేకపోయిన పని ఏమిటి? బరువు తగ్గారా? మలం రంగు మారిందా?

“రామతీర్థం మెట్లు పోయినేడు ఆగకుండా ఎక్కాను డాక్టరుగారూ. ఈ ఏడు నాలుగుసార్లు కూర్చున్నాను.”

దీనికంటే మంచి కొలత ఏ యంత్రమూ ఇవ్వదు. వయసు వల్ల మన దమ్ము తగ్గే మాట నిజమే. కాని అది పదేళ్లకు పదో వంతు చొప్పున తగ్గే విషయం. ఒక్క ఏడాదిలో మనిషిని నాలుగుసార్లు కూర్చోబెట్టేది వయసు కాదు, ఇంకేదో. కింది కనురెప్ప లాగి చూస్తే లోపల తెల్లగా పాలిపోయి ఉంది. హీమోగ్లోబిన్ 7.6. మగవారికి 13కు, ఆడవారికి 12కు తక్కువైతే రక్తహీనత అంటాము. ఎర్రకణాలు చిన్నవిగా ఉన్నాయి, ఇనుము నిల్వలు అడుగంటాయి.

చాలామంది ఇక్కడ ఇనుము మాత్రలు రాసి పంపిస్తారు. మాత్రలు పనిచేస్తాయి కూడా. హీమోగ్లోబిన్ పెరుగుతుంది, రోగి సంతోషిస్తాడు, ప్రమాదమంతా ఆ సంతోషంలోనే ఉంది. ఆయిల్ తరిగిపోతున్న ఇంజన్‌లో వారం వారం ఆయిల్ పోస్తూ బండి కిందికి వంగి చూడకపోవడం వంటిది. బాగా తింటున్న మగవాడిలో, నెలసరి ఆగిపోయిన స్త్రీలో ఇనుము తగ్గిందంటే రక్తం ఎక్కడికి పోతోందని అడిగి తీరాలి. పొట్టలో పుండు కావచ్చు, మోకాళ్ల నొప్పికి వాడే మాత్రలు చేసిన గాయం కావచ్చు, మొలలు కావచ్చు, అంతకంటే పెద్దది కావచ్చు. మాస్టారికి పెద్దపేగు మొదటి భాగంలో కంతి ఉన్నట్టు కొలనోస్కోపీలో తేలింది. కుడివైపున ఉండే ఈ కంతులు పేగును త్వరగా మూయవు, నొప్పి పుట్టించవు, రక్తం కంటికి కనబడేలా పోదు. ఓపిక లేకపోవడం ఒక్కటే అవి పంపే కబురు. ఆపరేషన్ అయింది. కంతి పేగు గోడ దాటలేదు, గ్రంథులకు పాకలేదు. ఎనిమిది నెలలు సెలైన్లతో గడిచిపోగా మరో ఎనిమిది నెలలు అలాగే గడిచి ఉంటే ఈ వాక్యం మరోలా రాయవలసి వచ్చేది.

‘ఫుల్ బాడీ చెకప్’ ప్యాకేజీలు ఉన్నాయి కదా అని మీరు అనవచ్చు. ప్రశ్న అడగకుండా డెబ్బై పరీక్షలు చేయించడం, చూడకుండా డెబ్బై విడిభాగాలు మార్చడం వంటిదే. రక్తకణాల లెక్క, చక్కెర, థైరాయిడ్, మూత్రపిండాలకు క్రియాటినిన్, ఒక ఇ.సి.జి. చాలామందికి మొదట ఇవి చాలు. మిగతావి ఎటు వెళ్లాలో మీ చరిత్రే చెబుతుంది. ఒక్క సందర్భంలో మాత్రం ఈ వరుస ఏదీ పాటించనక్కర లేదు. నీరసం ఒక్కసారిగా కమ్మి, చెమటలు పట్టి, ఛాతీలోగాని దవడలోగాని బరువుగా ఉంటే, ముఖ్యంగా మధుమేహం ఉన్నవారికి, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

ఇంజన్‌తో పోలిక ఒకచోట బొత్తిగా కుదరదని కూడా చెప్పాలి. ఇంజన్ వాడినకొద్దీ అరుగుతుంది. షెడ్డులో నిలిపితే అరుగుదల ఆగుతుంది. మన కండరాలు నిలిపి ఉంచితేనే అరుగుతాయి. పది రోజులు మంచం మీద ఉన్న వృద్ధుడి తొడలు చూసినవారికి ఇది కొత్త సంగతి కాదు. అందుకే పరీక్షలన్నీ సవ్యంగా ఉండి ఓపిక మాత్రమే లేనివారికి నేను విశ్రాంతి రాయను, రోజూ నడక రాస్తాను. కాని ముందు పరీక్షలు, తర్వాతే నడక.

మాస్టారు నోటు పుస్తకంలో హీమోగ్లోబిన్ అంకెలు తేదీలతో రాసుకుంటున్నారు: 7.6, 9.8, 11.9, 13.2. ఆపరేషన్ అయిన ఏడాదికి మళ్లీ కొలనోస్కోపీ చేయించాలి. ఆ తేదీ రామతీర్థం యాత్రకు ముందా, తర్వాతా అని నిన్న అడిగారు. ముందే పెట్టుకోమన్నాను.